సగంలో ఆగిన ప్రింటు

"నువ్వేదో నొక్కి ఉంటావు" అన్నాడు భర్త ఫోన్లో.

పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి. ఆమె ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మంట తగ్గించింది. "నేనేం నొక్కలేదండీ. ముందు పేజీలన్నీ బానే వచ్చాయి. చెయ్యి సగం వచ్చాక ఆగిపోయింది. ప్రింటరు మళ్ళీ ఆఫ్‌లైన్ అంటోంది."

"ఏ చెయ్యి?"

"నర్సుల యూనిఫాంది. మధ్యాహ్నం లోపు ఇచ్చేయాలని చెప్పా కదా."

"సరే, కంగారు పడకు. ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి. రాకపోతే సాయంత్రం నేనొచ్చి చూస్తాగా" అన్నాడు. అతని గొంతులో ఎప్పుడూ విసుగుండదు. ఆఫీసులో కంప్యూటర్లన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపి నడిపించే పని అతనిది. ఎవరి మెషిన్ మొరాయించినా అతని దగ్గరికే వస్తారు. అలా వచ్చినవాళ్ళతో ఎలా మాట్లాడతాడో ఆమెతోనూ అలాగే, చిన్నపిల్లకి చెప్పినట్లు ఓపిగ్గా మాట్లాడతాడు. ఆ ఓపికను చూసి చుట్టాల్లో ఆడవాళ్ళు ఆమెతో, "నీ అదృష్టం" అంటారు.

ఆమె ప్రింటరు దగ్గరికి నడిచింది. అది ఇస్త్రీ బల్ల మీద ఉంటుంది. ఆ ఇంట్లో ఆమె పనికి దొరికిన చోటు అదొక్కటే. పొద్దున్నే ప్రింటరును కిందికి దించి భర్త చొక్కాలు, కూతురి స్కూలు బట్టలు ఇస్త్రీ చేస్తుంది. వాళ్ళు వెళ్ళాక, అత్తగారి మోకాళ్ళకు మందు రాసి, గిన్నెలు తోమి, ప్రింటరును మళ్ళీ పైకెత్తి, కంప్యూటరు తెరిచి కూర్చుంటుంది. పెళ్ళికి ముందు ఒక బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్ దగ్గర పని నేర్చుకుంది. భుజం వంపు ఎంత ఉండాలో, చంక దగ్గర ఎంత వదలాలో ఒక మనిషిని ఎదురుగా నిలబెడితే టేపు పెట్టకుండా చెప్పగలదు. ఇప్పుడు అదే పని కంప్యూటరులో చేస్తోంది. బట్ట ఎలా కత్తిరించాలో ఆ ఆకారాలను అసలు కొలతలతో గీసి, ముక్కలు ముక్కలుగా ప్రింటు తీసి, కాగితాలు ఒకదానికొకటి అతికించి, అట్ట మీద కత్తిరించి కుట్టు వర్క్‌షాపుకి ఇస్తుంది. ఆ అట్టలను బట్ట మీద పెట్టి అక్కడ కోస్తారు.

ప్రింటరు కొనిచ్చింది భర్తే. "నీ పనికి నేను అడ్డు చెప్పానా ఎప్పుడైనా?" అంటూ డబ్బా తెచ్చి చేతిలో పెట్టిన రోజు ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. వైర్లు అక్కర్లేదన్నాడు, గాల్లోంచే పనిచేస్తుందన్నాడు. మొదట్లో నిజంగానే చక్కగా పనిచేసింది. వర్క్‌షాపు నడిపే ఆవిడ, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ, "ఈ ఆసుపత్రి ఆర్డరు అన్ని సైజులకీ నువ్వు సరిగ్గా గీసిస్తే మాస్టరుగా నిన్నే పెట్టుకుంటా. రోజూ రావాల్సి ఉంటుంది మరి" అన్న దగ్గర్నుంచే దానికి ఈ రోగం పట్టుకుంది.

ఆ రోగానికి ఆమె చేయని వైద్యం లేదు. ఆపి ఆన్ చేసింది. వైఫై డబ్బా ప్లగ్గు పీకి, కాసేపాగి మళ్ళీ పెట్టింది. కంప్యూటరులోంచి ప్రింటరు పేరు తీసేసి కొత్తగా ఎక్కించింది. క్యూలో ఇరుక్కున్న పాత పేజీలన్నిటినీ చెరిపేసింది. నిద్రలోకి జారుకోకుండా సెట్టింగు మార్చింది. వీడియోలు చూసి, చూసినవి మళ్ళీ చూసి, వైఫైలో దానికొక శాశ్వతమైన నంబరు ఇవ్వాలని తెలుసుకుని అదీ ఇచ్చింది. గోడ అడ్డమొస్తోందేమోనని బల్లను హాల్లోకి లాగితే, "నడిచే దారిలో ఇదేంటమ్మాయ్, నేను తట్టుకుని పడాలనా?" అన్నారు అత్తగారు. మళ్ళీ గదిలోకి లాక్కుంది. పోనీ వైరు పెడదామంటే, "ఈ మోడల్‌కి వైరు పెడితే వారంటీ పోతుంది" అన్నాడు భర్త. ఒకసారి వీధి చివరి షాపులో ప్రింటు తీయించింది. వాళ్ళ మెషిన్ కాగితానికి సరిపడేలా బొమ్మను కుదించేసింది. ఆ సంగతి గమనించకుండా ఇచ్చేసరికి కుట్టిన చొక్కా ఎవరి ఒంటికీ ఎక్కలేదు. పెద్దక్క ఆ చొక్కాను మడిచి ఆమె చేతిలో పెట్టింది.

విచిత్రమేమిటంటే భర్త ఇంట్లో ఉంటే ప్రింటరు బుద్ధిగా పనిచేసేది. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగుతూ దాని ముందు కూర్చునేవాడు. ఫోను తీసి ఏదో చూసేవాడు. నుదురు చిట్లించేవాడు. కాసేపటికి ప్రింటరు గుర్రుమని లేచి కాగితం బయటికి తోసేది. "చూశావా?" అనేవాడు. ఆమె "థాంక్సండీ" అనేది. మనస్ఫూర్తిగానే అనేది. ఆ రోజు అతనికిష్టమైన కూర వండేది. అత్తగారు టీవీ చూస్తూనే, "వాడి చెయ్యి పడితే గానీ దానికి బుద్ధి రాదు" అని నవ్వేవారు. కూతురు, "అమ్మని చూస్తే అలుగుతుంది నానమ్మా" అని అందుకునేది. ఒకసారి అతని ఆఫీసు స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు అతనే, "మా ఆవిడ ముట్టుకుంటే చాలు, మెషిన్లు సమ్మె చేస్తాయి" అన్నాడు. అందరూ నవ్వారు. గరిటె పట్టుకుని ఆమే ముందు నవ్వింది. తరువాత వంటింట్లో ఒంటరిగా నిలబడి తన వేళ్ళను తిప్పి తిప్పి చూసుకుంది. ఏం చేస్తున్నాయి ఇవి? ఎక్కడ ఏం నొక్కుతున్నాయి?

అలా అనుమానం మొదలయ్యాక అది ప్రింటరు దగ్గర ఆగలేదు. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి మలుపు దాకా వెళ్ళినదల్లా వెనక్కొచ్చేది. బ్యాంకులో సంతకం పెట్టబోతూ తన పేరు సరిగ్గా రాస్తున్నానా అని ఆగేది. గీసిన కొలతను కొలిచి, మళ్ళీ కొలిచి, ఇంకోసారి కొలిచేది. ఒక సాయంత్రం భర్త భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "నా వల్ల కావట్లేదండీ" అంది. అతను వీపు నిమిరాడు. "పోనీలే. కొందరికి కొన్ని పడవు. నీకిది పడదేమో. ఇంట్లో హాయిగా ఉండక ఎందుకీ తిప్పలు?" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో! ఆ మెత్తదనంలో మొహం దాచుకుని ఆమె ఇంకా ఏడ్చింది.

ఇవన్నీ ఆమెకు ఇప్పుడు, సగం చెయ్యి వచ్చి ఆగిపోయిన కాగితాన్ని పట్టుకుని నిలబడితే గుర్తొచ్చాయి. పెద్దక్కకు ప్రింటరు పాడైందని ఇప్పటికే మూడుసార్లు చెప్పింది. ఈసారి చెప్పడానికి మొహం చెల్లదు. సాయంత్రం దాకా ఆగే వీల్లేదు. ఇంటర్నెట్ కంపెనీవాళ్ళకు ఫోన్ చేద్దామని ఇంతకుముందు రెండుసార్లు అనుకుంది. "వాళ్ళకేం తెలుసు, నేనున్నాగా" అని భర్త అనడంతో ఊరుకుంది. ఇవాళ వైఫై డబ్బా వెనక ఉన్న నంబరు చూసి చేసేసింది.

అవతల ఒక అమ్మాయి పలికింది. వివరాలన్నీ అడిగింది. ఈమె చేసిన వైద్యాలన్నీ వరసపెట్టి చెబుతుంటే మధ్యలో ఆపి, "మేడం, మీరు మా కోర్సు చేశారా ఏంటి? అన్నీ కరెక్టుగానే చేశారు" అని నవ్వింది. కాసేపు టకటకమని కీబోర్డు చప్పుడు. తరువాత, "మీ ప్రింటర్‌కి ఏమీ కాలేదు మేడం. దాన్ని ఎవరో బ్లాక్ చేశారు" అంది.

"అంటే?"

"మీ ఇంటి వైఫైలోకి రానివ్వకుండా ఆపారు మేడం. ఫోన్లో యాప్ ఉంటుంది కదా, దాన్నుంచి. ఇవాళ ఉదయం ఆపారు. ఇంతకుముందు కూడా చాలాసార్లు ఆపి, మళ్ళీ వదిలినట్టుంది. ఎక్కువగా పగలు ఆపి, సాయంత్రం వదిలారు. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఆడుతున్నారేమో చూడండి."

"మా పాప స్కూల్లో ఉంది" అంది ఆమె. తన గొంతు తనకే ఎక్కడినుంచో వస్తున్నట్లు వినిపించింది. "మీరు తీసేయగలరా దాన్ని?"

"సారీ మేడం. కనెక్షన్ సార్ పేరు మీద ఉంది. ఆయన ఓకే అంటేనే మేం మార్చగలం. సార్‌తో ఒకసారి మాట్లాడించగలరా?"

ఆమె ఫోను పెట్టేసింది. ఏదో పొరపాటు అయ్యుంటుంది. చేయి తగిలి నొక్కుకుపోయి ఉంటుంది. ఒకసారి కాదు, ఇన్నిసార్లా? పగలు ఆపి సాయంత్రం వదలడానికి చేయి ఎలా తగులుతుంది? మనసు అతని తరఫున వాదిస్తూనే ఉంది. ఇన్నేళ్ళుగా దానికి అలవాటైన ఉద్యోగం అది. ఫోన్లో అడిగేద్దామనుకుని నంబరు తీసి, ఆపింది. అతను ఓపిగ్గా ఏదో ఒకటి వివరిస్తాడు. తను నమ్ముతుంది. ఆ నమ్మకం తలచుకుంటేనే భయమేసింది.

పెన్సిలూ స్కేలూ తెచ్చింది. నేల మీద అట్ట పరిచి, ప్రింటరు వదిలేసిన చోటునుంచి చేత్తో గీయడం మొదలుపెట్టింది. గీత మొదట్లో రెండుసార్లు చెరపాల్సి వచ్చింది. మోచేతి దాకా వచ్చేసరికి నిలకడగా నడిచింది. ఒక్కో సైజుకీ చంక వంపు దగ్గర గీత ఎక్కడ తిరగాలో వేళ్ళకు గుర్తుంది. మధ్యాహ్నం గడిచిపోయిందని తెలుస్తూనే ఉంది. అయినా ఆపలేదు.

కూతురు స్కూలునుంచి వచ్చి, నేలంతా పరుచుకున్న అట్టలను చూసి, "మళ్ళీ అలిగిందా?" అంది నవ్వుతూ.

"అలగలేదు. ఎవరో ఆపారట" అంది ఆమె తలెత్తకుండానే.

తలెత్తి చూస్తే పిల్ల మొహం పాలిపోయి ఉంది. బ్యాగు ఇంకా భుజానికే వేలాడుతోంది.

"నీకు తెలుసా?"

"నేను కాదమ్మా. నాన్న." పిల్ల గొంతు సన్నగా అయిపోయింది. "నా ఫోన్ కూడా నాన్న అలాగే ఆపుతారు కదా, చదువుకునేటప్పుడు. నాన్న ఫోన్లో దాని కిందే ప్రింటర్ పేరు కూడా ఉంటే చూసి అడిగాను. అమ్మ అలిసిపోతోంది, ఆపితే కాసేపు పడుకుంటుంది, చెప్పకు అన్నారు. చెప్పకపోతే... నా ఫోన్ ఇంకో అరగంట వదులుతానన్నారు."

ఆమె పెన్సిలు కింద పెట్టింది. అంటే ఆ నవ్వులు. 'అమ్మని చూస్తే అలుగుతుంది' అన్న ఆ మాట. పిల్ల తెలిసే అందన్నమాట. భర్త చేశాడని విన్నప్పుడు మెదడు మొద్దుబారిందే గానీ నొప్పి తెలియలేదు. ఇది మాత్రం నేరుగా గుండెలో దిగింది. కొట్టాలనిపించలేదు. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించలేదు. "నేను ఎప్పుడైనా పడుకున్నానా, అది ఆగినప్పుడు?" అని మాత్రం అడిగింది.

పిల్ల అడ్డంగా తలూపి, భోరుమని ఏడ్చింది.

ఆ ఏడుపుకి అత్తగారు కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. ఒక్క చూపుతో సంగతి గ్రహించినట్లున్నారు. "పిల్లనెందుకు ఏడిపిస్తావు? వాడు నీ మంచికే చేశాడు" అన్నారు.

"మీక్కూడా తెలుసా అత్తయ్యా?"

"నువ్వు రోజూ పొద్దున్నే పోతే నన్నెవరు చూస్తారమ్మాయ్?" అన్నారావిడ. కోపంగా అనలేదు. నిజంగా భయపడుతున్న మనిషిలా అన్నారు. "నోరు తెరిచి వద్దంటే నువ్వు బాధపడతావని వాడే ఈ ఉపాయం చూశాడు. మగాడు గొడవ లేకుండా చేసుకున్నాడు, సంతోషించక."

ఈ ఇంట్లో తను తప్ప అందరూ ఒక మాట మీద ఉన్నారు. తను మాత్రం రోజూ ఆ బల్ల ముందు కూర్చుని, తన తెలివిని తనే అనుమానించుకుంటూ వాళ్ళ మధ్య తిరిగింది. ఆవిడ మోకాళ్ళకు రాసిన మందు వాసన ఇంకా అరచేతుల్లో ఉంది.

గీయడం పూర్తి చేసింది. అట్టలు కత్తిరించి, కట్ట కట్టి, చెప్పులేసుకుని బయల్దేరింది. వర్క్‌షాపు చేరేసరికి పొద్దు వాలుతోంది. లోపల కుట్టుమెషిన్లు ఏకధాటిగా మోగుతున్నాయి. కటింగ్ బల్ల మీద లేత నీలం బట్ట పొరలు పొరలుగా పరిచి ఉంది. దాని మీద వేరెవరో అట్టలు పెట్టి కత్తిరిస్తున్నారు. నెరిసిన మీసాల పెద్దాయన, మెడలో టేపు వేసుకుని.

పెద్దక్క ఆమెను చూసి పక్కకు తీసుకెళ్ళింది. అట్టలు విప్పి ఒకటి పైకెత్తి చూసింది. గీత వెంట వేలు పోనిచ్చింది. "చేత్తో గీశావా?"

"అవునక్కా."

"బావుంది. చాలా బావుంది." పెద్దక్క నిట్టూర్చింది. "కానీ మధ్యాహ్నం దాకా చూశానమ్మా. ఆసుపత్రివాళ్ళు నా పీక మీద కూర్చున్నారు. మూడుసార్లు ప్రింటరన్నావు, నమ్మాను. ఇక ఆగలేక ఈయన్ని పిలిచాను. మాస్టరుగా ఈయన్నే ఖాయం చేశాను. అసలేమైంది నీకు?"

'మా ఆయనే ఆపాడు' అని చెప్పాలి. మూడు మాటలు, అంతే. నోటిదాకా వచ్చాయి. కానీ ఆ మాటంటే అతన్ని ఈవిడ ఏమనుకుంటుందో అన్న ఆలోచన ముందే వచ్చి అడ్డం నిలబడింది. "మెషిన్ మొరాయించిందక్కా" అంది. అన్నాక తెల్లబోయింది. ఇంత జరిగాక కూడా అతని పరువు కాపలా కాసేది తనేనా?

"కావాలంటే ఈయన కింద చెయ్యి" అంది పెద్దక్క. "జీతం తక్కువే. పొద్దున్నే రావాలి. ఆలోచించుకుని చెప్పు."

ఇంటికి వచ్చేసరికి భర్త ఇస్త్రీ బల్ల ముందున్నాడు. ప్రింటరు పనిచేస్తోంది. నర్సుల యూనిఫాం చేతులు ఒక్కొక్కటే బయటికొచ్చి పడుతున్నాయి. "చూశావా? కంగారెందుకని చెప్పానా?" అన్నాడు మొహం వెలిగిపోతూ. వెనక హాల్లోంచి అత్తగారు కొడుక్కి కళ్ళతో ఏదో చెప్పబోతున్నారు. అతను చూడలేదు. కూతురు తన గది తలుపు చాటునుంచి చూస్తోంది.

"ఎలా బాగైందండీ?" అని అడిగింది ఆమె.

అతను చెప్పాడు. పక్కింటివాళ్ళ సిగ్నలూ మన సిగ్నలూ ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయన్నాడు, దారి మార్చానన్నాడు, ఇది మామూలుగా దొరికే తప్పు కాదు, నీకు దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదన్నాడు. చేతులతో గాల్లో బొమ్మలు గీసి మరీ చూపించాడు. ఆమె చివరిదాకా విన్నది. ఎక్కడా తడబడలేదు, కళ్ళు పక్కకి తిప్పలేదు. నిజం చెప్పేటప్పుడు ఎలా ఉంటాడో అచ్చం అలాగే ఉన్నాడు. అది చూడటమే ఆ రోజంతటిలో అన్నిటికంటే కష్టమైంది ఆమెకు.

"కంపెనీవాళ్ళతో మాట్లాడాను" అంది. "పాప కూడా చెప్పింది. అత్తయ్య కూడా చెప్పారు."

చివరి కాగితం బయటికొచ్చి పడింది. ప్రింటరు సద్దుమణిగింది. అతను ముందు తలుపు చాటున ఉన్న పిల్ల వైపు, తరువాత తల్లి వైపు చూశాడు. మొహంలో కోపం వచ్చి, వెళ్ళిపోయి, చివరికి అలవాటైన ఓపికే మిగిలింది.

"నువ్వు కూర్చో. నేను చెప్పేది విను. నీకే విసుగొచ్చి మానేస్తావనుకున్నా."

"వద్దని ఒక్క మాట అనొచ్చుగా."

"ఎలా అంటాను? పెళ్ళాన్ని పని చేసుకోనివ్వని వాడిలా కనిపిస్తానా నీకు?" అన్నాడు. అతనికి నిజంగానే మనసు నొచ్చింది. "నేనలాంటి మనిషిని కాదు. నీకూ తెలుసు."

"అందుకని మీరు వద్దనలేదు. మెషిన్ చేత అనిపించారు."

"అమ్మ కోసం చేశాను. నీ కోసం కూడా. తప్పే, ఒప్పుకుంటున్నా. ఇదిగో." జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ యాప్ తీసేస్తాను. నీ ఫోన్లోనే పెట్టుకో. ఇకనుంచి నీ ఇష్టం. సరేనా?"

ఆమె ఆ ఫోనును ముట్టుకోలేదు. ఎందుకంటే ఆ క్షణంలో ఆమె ఆలోచన ప్రింటరు దగ్గర లేదు. బండి నేర్చుకుంటానన్న వారంలోనే దాని తాళంచెవి పోయి దొరకనే లేదు. పాత ఫ్యాక్టరీనుంచి మళ్ళీ పిలుస్తామన్నవాళ్ళు ఎందుకో పిలవనే లేదు. అమ్మను చూడటానికి బయల్దేరిన రోజే రైలు టికెట్టు తేదీ తప్పుగా ఉంది. 'నువ్వేదో నొక్కి ఉంటావు' అన్నాడు అప్పుడు కూడా. వీటిలో ఏది పొరపాటో, ఏది కాదో ఇప్పుడు ఆమెకు తెలిసే దారి లేదు. తెలిసిన మనిషి ఒక్కడే. ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"ఇంకా ఏమేం ఆపారు?" అని అడిగింది.

ఆమె గొంతు పెంచలేదు. ఏమీ లేదు అంటాడనుకుంది. అనాలనే కోరుకుంది. అబద్ధమైనా సరే, వెంటనే అనేస్తే చాలనుకుంది.

అతను అనలేదు. గోడ మీదికి చూపు తిప్పాడు. అతని కనుబొమలు దగ్గరయ్యాయి. వెతుకుతున్నాడు. ఏది చెప్పాలో, ఏది ఆమెకు ఇప్పటికే తెలిసి ఉంటుందో లోపల్లోపల ఒక్కొక్కటీ తీసి చూస్తున్నాడు.

ఆమె తన ఫోను తీసి, అక్కడే నిలబడి పెద్దక్కకు చేసింది.

"అక్కా, రేపు పొద్దున్నే వస్తాను. ఆయన కిందైనా సరే. ఇంకోటి కూడా చెప్పాలి. ఇందాక నీకు అబద్ధం చెప్పాను. మెషిన్ మొరాయించలేదు. మా ఆయన ఆపారు."

అవతల కుట్టుమెషిన్లు మోగుతున్నాయి. పెద్దక్క, "ఇంట్లో అడిగావామ్మా?" అంది.

ఆమె భర్త వైపు చూసింది. అతనింకా గోడ వైపే చూస్తున్నాడు.

"అడిగానక్కా" అంది. "ఆయనింకా గుర్తు చేసుకుంటున్నారు."